పుర్రె అతుకులు, గాయపు కుట్లు

వైద్యశాస్త్రంలో సూచర్ అనే పేరు రెండు వేర్వేరు వాటికి స్థిరపడింది. శరీర నిర్మాణ శాస్త్రం చదివేవారికి అది పుర్రెలో రెండు ఎముకల అంచులు కలుసుకున్న చోట కనిపించే వంకరటింకర అతుకు; శస్త్రచికిత్స చేసేవారికి అది తెగిన చర్మాన్నో కండనో దగ్గరికి చేర్చి పట్టి ఉంచే కుట్టు, ఆ కుట్టుకు వాడే దారం కూడా. మొదటిది పుట్టుకతో వచ్చేది, రెండవది మనిషి చేతిపని. ఎదుగుదల పూర్తయ్యేదాకా ఎముకలు ఏకమైపోకుండా చూడడం మొదటిదాని పని అయితే, విడిపోయిన అంచులు అతుక్కునేదాకా మళ్లీ విడిపోకుండా చూడడం రెండవదాని పని. ఇవి ఎదురెదురు పనులే అయినా రెండింటి మంచిచెడ్డలూ గడువు మీదనే ఆధారపడి ఉన్నాయి. పుర్రె అతుకు వేళకు ముందే మూసుకుపోయినా, గాయపు కుట్టు వేళకు ముందే వదులైనా, ఉండవలసినదానికన్నా ఎక్కువ రోజులు ఉండిపోయినా శరీరం నష్టపోతుంది. సూచర్లను గురించి తెలుసుకోవలసినది చాలావరకు ఈ గడువు చుట్టూనే ఉంది.

మెదడును కప్పి ఉంచే పుర్రె భాగం చూపుకు ఒకే చిప్పలా ఉన్నా, నిజానికి అది ఎనిమిది ఎముకల కూర్పు. నుదుటి ఎముకకూ దాని వెనుక ఉండే రెండు పక్క ఎముకలకూ మధ్య, నెత్తి మీదుగా ఒక కణత నుంచి రెండో కణత దాకా అడ్డంగా సాగే అతుకును కరోనల్ సూచర్ అంటారు. ఆ రెండు పక్క ఎముకలు ఒకదానితో ఒకటి కలిసే చోట, నడిపాపిట తీసే దారిలోనే ముందు నుంచి వెనక్కు పోయేది సాజిటల్ సూచర్. తల వెనుక భాగంలో గ్రీకు అక్షరం లామ్డా ఆకారంలో రెండు వైపులకూ జారే అతుకుకు ఆ అక్షరం పేరుతోనే లామ్డాయిడ్ అని పేరు వచ్చింది. చెవుల పైన, ఒక ఎముక అంచు పలచబడి మరొకదాని మీదికి ఒరిగినట్లుండేది స్క్వామస్ సూచర్. పసిపిల్లల్లో నుదుటి ఎముక కూడా రెండు ముక్కలుగానే ఉంటుంది. వాటి నడుమ ఉండే మెటోపిక్ అతుకు మామూలుగా మొదటి ఏడాదిలోనే మాసిపోతుంది గానీ, కొద్దిమందిలో పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటుంది.

శాస్త్రం వీటిని కదలని కీళ్ల కోవలో చేర్చింది. మోకాలి కీలులో ఉండే మెత్తటి ఎముక గానీ జిగట ద్రవం గానీ వీటిలో ఉండవు. రెండు అంచుల మధ్య కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులతో అల్లుకున్న సన్నని పీచు పొర మాత్రమే ఉంటుంది. పసితనంలో దాదాపు తిన్నగా ఉండే ఈ అంచులు వయసు పెరిగేకొద్దీ పళ్లు తేరి, రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి బిగించినట్లుగా పెనవేసుకుంటాయి. ఈ వంకరల వల్ల అంచులు ఆనుకునే మేర పెరిగి అతుకు గట్టిపడుతుంది, తలకు దెబ్బ తగిలినప్పుడు ఆ ఊపులో కొంత పీచు పొరలోనే ఇంకిపోతుంది. అయితే అతుకు అసలు ప్రయోజనం అది కాదు. ఎముకను తయారుచేసే కణాలు రెండు అంచుల వెంబడీ పనిచేస్తూ కొత్త ఎముకను చేరుస్తుంటే, నడుమనున్న పీచు మాత్రం ఎముకగా మారకుండా నిలుస్తుంది. లోపల మెదడు పెరిగి పుర్రెను నెట్టిన కొద్దీ అతుకు దగ్గర చోటు ఏర్పడి, ఆ చోటు కొత్త ఎముకతో నిండుతుంది. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత ఏడాది నిండేసరికి 46 సెంటీమీటర్ల దాకా పెరగడం, మెదడు బరువు అదే ఏడాదిలో రెట్టింపు దాటడం ఈ అతుకులు తెరిచి ఉన్నందువల్లనే సాధ్యమవుతున్నాయి.

దానికన్నా ముందే, ప్రసవ సమయంలోనే ఈ అతుకుల అవసరం తెలుస్తుంది. నెలలు నిండిన బిడ్డ తల అడ్డుకొలత సుమారు 9.5 సెంటీమీటర్లు ఉంటుంది. తల్లి కటి ఎముకల మధ్య దారి దానికి సరిగ్గా సరిపోయీ సరిపోనంతగా ఉంటుంది. నొప్పుల ఒత్తిడికి పుర్రె ఎముకలు అతుకుల దగ్గర కదిలి, ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా ఎక్కి, తల ఆ దారికి తగినట్లు సాగుతుంది. కొత్తగా పుట్టిన బిడ్డ తల కోలగా ఉండడం దీనివల్లనే, కొద్ది రోజుల్లో అది దానంతట అదే గుండ్రబడుతుంది. ప్రసూతి వైద్యురాలు లోపలి పరీక్ష చేసినప్పుడు ఆమె వేలి కొస ముందుగా వెదికేది కూడా ఈ గీతలనే. వేలికి సాజిటల్ అతుకు తగిలితే దాని వెంబడి జరుపుకుంటూ పోయి, మూడు గీతలు కలిసే చిన్న ముక్కోణపు పల్లం అందితే అది తల వెనుక భాగమని, బిడ్డ గడ్డం ఛాతీకి ఆనించి చక్కగా తల వంచుకుని దిగుతున్నదని గ్రహిస్తుంది. నాలుగు గీతలు కలిసే పెద్ద నాలుగు పలకల పల్లం ముందుగా అందితే తల సరిగ్గా వంగలేదని, కాన్పు కష్టం కావచ్చునని జాగ్రత్త పడుతుంది. ఎముకలు ఎంతగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయో కూడా వేలితోనే అంచనా వేసి, కాన్పు సాగుతున్న తీరును గీసే పార్టోగ్రాఫ్ అనే పటంలో ఒకటి, రెండు లేదా మూడు కూడిక గుర్తులుగా నమోదు చేస్తారు. మూడు గుర్తులు పడ్డాయంటే ఎముకలు ఎక్కి, నొక్కినా వెనక్కు పోనంతగా బిగుసుకున్నాయని అర్థం. తలకూ దారికీ పొత్తు కుదరలేదేమోనని అనుమానించి, ఆపరేషన్ గురించి నిర్ణయం తీసుకోవలసిన ఘడియ అది. కంటికి కనిపించని చోట, ఒక్క వేలి స్పర్శతో ఇద్దరి ప్రాణాలకు సంబంధించిన నిర్ణయానికి ఆధారం దొరకడం ప్రసూతి వైద్యంలోని గొప్ప నైపుణ్యాలలో ఒకటని చెప్పవచ్చు.

ఆ నాలుగు పలకల పల్లమే తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన మాడు. కరోనల్, సాజిటల్, మెటోపిక్ అతుకులు కలిసే ఆ చోట ఎముక ఇంకా ఏర్పడక, దృఢమైన పొర మాత్రమే ఉంటుంది. దాని కిందనున్న రక్తనాళాల కదలిక వల్ల మాడు కొట్టుకుంటున్నట్లు కనిపిస్తుంది. వెనుకనున్న చిన్న మాడు రెండు మూడు నెలల్లో పూడిపోతుంది, ముందున్నది సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మధ్య మూసుకుంటుంది, కొందరు బిడ్డలలో రెండేళ్ల దాకా పట్టవచ్చు. మాడుకు ఆముదం అద్దడం మన ప్రాంతంలో పాత అలవాటు. మాడు మూసుకోవడానికీ ఆ నూనెకూ సంబంధం లేదు, ఎముక తన వేళకు తానే ఏర్పడుతుంది. తల రుద్దితే మాడుకు దెబ్బ తగులుతుందనే భయం కూడా అక్కరలేదు. తల్లిదండ్రులు గమనించవలసినది వేరే ఉంది. వాంతులు, విరేచనాలతో బిడ్డ ఒంట్లో నీరు తగ్గితే మాడు గుంటపడుతుంది, అప్పుడు ఆలస్యం చేయకుండా ఓఆర్‌ఎస్ పడుతూ వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. ఏడవకుండా, కూర్చోబెట్టి ఎత్తుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుతుగా ఉంటే మెదడు పొరల వాపు గానీ లోపల నీరు చేరడం గానీ జరిగి ఉండవచ్చు, అది గంటల మీద చూపించవలసిన స్థితి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల మెదడులో రక్తస్రావం జరిగిందేమో చూడడానికి అల్ట్రాసౌండ్ పరికరాన్ని ఈ మాడు మీదనే ఆనిస్తారు. ఎముక అడ్డం లేని ఆ కిటికీ మూసుకుపోయాక అలాంటి పరీక్షకు దారి ఉండదు.

అతుకు వేళకు ముందే ఎముకగా మారిపోవడాన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. సుమారు రెండు వేల నుంచి రెండున్నర వేల జననాలలో ఒకరికి ఈ స్థితి కనిపిస్తుంది, అందులో సాజిటల్ అతుకు మూసుకుపోవడమే ఎక్కువ. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1851లోనే దీని సూత్రాన్ని వివరించాడు: మూసుకున్న అతుకుకు అడ్డుదిశలో పుర్రె పెరగడం ఆగిపోతుంది, మెదడు మాత్రం ఆగదు కాబట్టి తెరిచి ఉన్న వైపు నెట్టుకుపోతుంది. అందుకే సాజిటల్ అతుకు మూసుకున్న బిడ్డ తల వెడల్పు పెరగక ముందుకూ వెనక్కూ పడవలా సాగుతుంది, మెటోపిక్ అతుకు తొందరపడితే నుదురు ముక్కోణంగా మొనదేలుతుంది. ఒకటికి మించిన అతుకులు మూసుకుపోతే మెదడు మీద ఒత్తిడి పెరిగి చూపు, బుద్ధి వికాసం దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. శస్త్రవైద్యులు సాధారణంగా మొదటి ఏడాదిలోనే మూసుకున్న గీత వెంబడి ఎముకను తొలగించి మెదడుకు చోటు కల్పిస్తారు. ఎప్పుడూ ఒకే పక్కకు పడుకోబెట్టడం వల్ల తల ఒకవైపు చదునుగా మారడం దీనితో కలపకూడని, సులభంగా సర్దుకునే విషయం. రెండింటికీ తేడా చెప్పవలసినవాడు వైద్యుడే.

పెద్దవారిలో అతుకులు ఇరవైలలో మెల్లగా మూసుకోవడం మొదలవుతుంది గానీ, ఆ వేగం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి పుర్రెను బట్టి వయసు చెప్పడంలో నేర పరిశోధన వైద్యులు వీటి మీద ఎక్కువగా ఆధారపడరు. ఎక్స్‌రేలో అతుకును పగులుగా పొరబడే అవకాశం ఉంది. పగులు సాధారణంగా తిన్నగా, నల్లగా కనిపిస్తుంది, అతుకు వంకరలు తిరుగుతూ తెలిసిన చోటనే ఉంటుంది. కణత దగ్గర నాలుగు ఎముకలు కలిసే టెరియాన్ అనే చోటు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది, ఎందుకంటే అక్కడ ఎముక పలచగా ఉండి, దాని లోపలి వైపునే మెదడు పొరకు రక్తం అందించే ధమని పోతుంది. కణత మీద గట్టి దెబ్బ తగిలి లేచి తిరిగిన మనిషి కొద్ది గంటల తరువాత స్పృహ తప్పడానికి ఆ ధమని తెగి లోపల రక్తం గూడుకట్టడం ఒక ముఖ్య కారణం.

ఈ రెండు రకాల సూచర్లనూ ఒకే గ్రంథంలో శ్రద్ధగా వివరించిన ప్రాచీనులలో సుశ్రుతుడు ముఖ్యుడు. సుశ్రుత సంహితలోని శారీరస్థానం శరీరంలో ఏడు సీవనులను లెక్కించి, వాటిలో ఐదు తలలోనే ఉన్నాయని, వాటి మీద శస్త్రం పడనీయకూడదని హెచ్చరించింది. సూత్రస్థానంలో ఎనిమిది శస్త్రకర్మలలో ఒకటిగా సీవనాన్ని, అంటే కుట్టడాన్ని వివరిస్తూ, కుట్టేముందు గాయంలోని దుమ్మును, వెంట్రుకలను, గోళ్లను, విరిగిన ఎముక ముక్కలను తీసివేయాలని, లేకపోతే చీము పడుతుందని చెప్పింది. నార, జనుము, స్నాయువు, వెంట్రుక, తిప్పతీగ పోగు వంటివి దారాలుగా, ఋజుగ్రంథి, వేల్లితకం, గోఫణికం, తున్నసేవని అని నాలుగు కుట్లుగా లెక్క కట్టింది. కండ తక్కువగా ఉన్న చోట్లకూ కీళ్లకూ రెండంగుళాల గుండ్రని సూది, కండగల చోట్లకు మూడంగుళాల మూడంచుల సూది, మర్మస్థానాలకూ పొట్టకూ విల్లులా వంగిన సూది వాడాలని చెప్పిన తీరు ఈనాటి శస్త్రచికిత్స గదికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. ఇప్పటికీ చర్మానికి మూడంచుల సూదిని, పేగుకు గుండ్రని సూదిని, చాలా చోట్ల వంపు సూదినే వాడుతున్నారు. చిల్లుపడిన పేగు అంచులను నల్లచీమలతో కరిపించి, తలలను అక్కడే ఉంచి మొండేలను తెంచివేయాలనే విధానం కూడా అందులో ఉంది, అంటే శరీరం లోపల తానే కరిగిపోయే కుట్టు కావాలనే ఆలోచన అంత పాతది.

అలా కరిగిపోయే దారం తరువాతి కాలంలో క్యాట్‌గట్ రూపంలో స్థిరపడింది. పేరు చూసి పిల్లి పేగు అనుకునేవారు ఉన్నారు గానీ, అది గొర్రెల, పశువుల పేగు పొరలనుంచి తీసిన దారం. కుట్టు వేయడం తెలిసినా, 19వ శతాబ్ది నడిమి దాకా ఆ కుట్టుతోనే సూక్ష్మజీవులు లోపలికి పోయి గాయం కుళ్లి మనుషులు చనిపోయేవారు. జోసెఫ్ లిస్టర్ 1860లలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను, ఆ తరువాత క్యాట్‌గట్‌ను శుద్ధి చేయడం మొదలుపెట్టాకనే దారం నమ్మదగినది అయింది. 1970ల ఆరంభంలో పాలీగ్లైకోలిక్ ఆమ్లంతో, తరువాత పాలీగ్లాక్టిన్‌తో ప్రయోగశాలలో తయారైన కరిగే దారాలు వచ్చాయి. క్యాట్‌గట్‌ను శరీరం ఎంజైములతో జీర్ణించుకుంటుంది కాబట్టి అది ఎన్నాళ్లు నిలుస్తుందో కచ్చితంగా చెప్పలేము. కొత్త దారాలు నీటితో చర్య జరిగి విడిపోతాయి కాబట్టి వాటి గడువును ముందే లెక్క వేయవచ్చు. పాలీగ్లాక్టిన్ దారం మూడు వారాల తరువాత సుమారు సగం బలంతో ఉండి, రెండు నెలలు దాటేసరికి పూర్తిగా కరిగిపోతుంది.

రక్తనాళాల కుట్టు కథ వేరు. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురై, కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర తెగి, దానిని కుట్టే పద్ధతి ఎవరికీ తెలియక మరణించాడు. అదే నగరంలోని యువవైద్యుడు అలెక్సిస్ కారెల్ దాన్ని మనసుకు పట్టించుకుని, అక్కడి ఎంబ్రాయిడరీ నిపుణురాలి దగ్గర అతి సన్నని సూదితో, పట్టుదారంతో కుట్టడం నేర్చుకున్నాడు. తెగిన నాళపు రెండు కొసల్నీ సమదూరంలో మూడు దారాలతో కలిపి, ఆ దారాలను మూడు వైపులకూ లాగి పట్టాడు. గుండ్రని నోరు ముక్కోణంగా మారి, ఒక్కొక్క వైపూ తిన్నని అంచుగా నిలవడంతో సూది ఎదుటి గోడకు తగలకుండా కుట్టడం వీలైంది. నాళం లోపలి నునుపు చెదిరితే రక్తం గడ్డకడుతుందని గ్రహించి దారానికి వాజలిన్ పూశాడు. 1902లో ప్రకటించిన ఈ పద్ధతికీ, అవయవ మార్పిడి ప్రయోగాలకూ కలిపి ఆయనకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటి మూత్రపిండ మార్పిడికీ గుండె బైపాస్‌కూ పునాది ఆ మూడు దారాలే.

దారం లావు కూడా చోటును బట్టి మారుతుంది. సున్నాల సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పొట్ట గోడకు ఒకటో నంబరు దారం, ముఖానికి ఐదు లేదా ఆరు సున్నాలది వాడితే, కంటి నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియాను మార్చేటప్పుడు పది సున్నాల నైలాన్ వాడతారు. దాని మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు, వెంట్రుకలో మూడోవంతు కూడా ఉండదు. సూక్ష్మదర్శిని కిందనే దాన్ని పట్టి ముడివేయాలి. కార్నియా మార్పిడికి పేరుగన్న హైదరాబాద్ ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ కుట్లు నిత్యకృత్యం. పూర్తి మందం మార్చే ఆపరేషన్‌లో చుట్టూ సుమారు పదహారు కుట్లు పడతాయి, కార్నియాలో రక్తనాళాలు లేనందువల్ల గాయం అతి మెల్లగా మానుతుంది కాబట్టి వాటిలో కొన్నింటిని ఏడాది దాటే దాకా ఉంచుతారు. ఒక్క కుట్టు బిగుతు ఎక్కువైనా కంటి వంపు మారి చూపు మసకబారుతుంది.

బిగుతు సంగతి ఒక్క కంటికే పరిమితం కాదు. కుట్టు అంచులను ఒకదానికొకటి తాకించాలే గాని నొక్కకూడదు, ఎందుకంటే బిగించిన ముడి కింద రక్తం ఆడక అంచులే చచ్చిపోతాయి. పొట్ట ఆపరేషన్ తరువాత కుట్టు చోట గిలక దిగడం, అంటే హెర్నియా రావడం, రోగులను చాలాకాలంగా బాధిస్తున్న చిక్కు. పెద్ద పెద్ద కుట్లు వేస్తేనే గట్టిగా ఉంటుందనే నమ్మకాన్ని 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం తలకిందులు చేసింది: 560 మంది రోగుల మీద జరిగిన ఆ పరీక్షలో, అంచుకు ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఐదేసి మిల్లీమీటర్లకు ఒకటిగా చిన్న కుట్లు వేసినవారిలో ఏడాదికి 13 శాతం మందికి హెర్నియా కనిపించగా, సెంటీమీటరు చొప్పున పెద్ద కుట్లు వేసినవారిలో అది 21 శాతంగా తేలింది. చిన్న కుట్లకు కొద్ది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ రెండో ఆపరేషన్ తప్పే అవకాశం ముందు ఆ నిమిషాలు లెక్కలోకి రావు.

కుట్టు వేయకపోవడమే సరైన వైద్యమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కుక్క కరిచిన గాయాన్ని చూసి వెంటనే కుట్లు వేయించాలని పట్టుబట్టేవారు తెలుసుకోవలసినది, సూది పోటుతో రేబిస్ క్రిమి నరాలలోకి మరింత లోతుగా చేరే ప్రమాదం ఉందని. ముందుగా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి, టీకా వేయించాలి, లోతైన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయంలోకే ఎక్కించాలి; ఆ తరువాత కూడా కుట్టు తప్పనిసరైతేనే, ఆలస్యంగా, వదులుగా వేస్తారు.

గడువు మీద పూర్తిగా ఆధారపడిన కుట్టు ఒకటి భారతీయ వైద్యుని పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గర్భసంచి మూతి బలహీనంగా ఉండి, నొప్పులు లేకుండానే నాలుగైదు నెలలకే తెరుచుకుని బిడ్డ జారిపోయే స్త్రీలకు, ముంబయి వైద్యుడు విఠల్ నాగేశ్ శిరోద్కర్ 1955లో ఆ మూతి చుట్టూ కుట్టువేసి బిగించే పద్ధతిని ప్రకటించాడు. రెండేళ్ల తరువాత మెల్‌బోర్న్ వైద్యుడు మెక్‌డొనాల్డ్ దాన్ని ఇంకా సులభం చేశాడు. గర్భసంచికి కుట్టు వేశారని మన ఇళ్లలో చెప్పుకునేది దీన్నే. ముందే నిర్ణయించుకున్నవారికి సాధారణంగా మూడు నెలలు నిండాక వేసి, 37వ వారం దగ్గర తీసేస్తారు. మధ్యలో నొప్పులు మొదలైతే వెంటనే విప్పకపోతే మూతి చిరిగిపోతుంది కాబట్టి, కుట్టు ఉన్న గర్భిణి నొప్పి వచ్చినా, ఉమ్మనీరు కారినా ఇంట్లో ఒక్క పూట కూడా ఆగకూడదు.

బయటి చర్మపు కుట్లను విప్పే రోజు కూడా చోటును బట్టే ఉంటుంది. రక్తప్రసరణ బాగా ఉండే ముఖం మీద సుమారు ఐదు రోజులకు, తల మీద ఏడు నుంచి పది రోజులకు, చేతులు, కాళ్లు, కీళ్ల మీద పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. ముఖం మీద పది రోజులు దాటి ఉంచితే దారపు రంధ్రాల వెంబడి చర్మం పెరిగి, మచ్చకు రెండు వైపులా చుక్కల వరుస శాశ్వతంగా నిలుస్తుంది. మోకాలి మీద ఐదో రోజునే తీస్తే మడిచిన మొదటిసారే గాయం నోరు తెరుస్తుంది. నర్సు ముడిని పట్టకారుతో కొద్దిగా పైకెత్తి, దాని కింద ఒక వైపున చర్మాన్ని ఆనుకున్న చోటనే కత్తిరించి రెండో వైపుకు లాగుతుంది. బయట ఉండి మురికి పట్టిన దారం చర్మం లోపలి నుంచి పోకుండా చూడడానికే అలా చేస్తుంది, ఇంట్లో బ్లేడుతో కోసుకునేవారు పాటించలేనిది ఆ ఒక్క జాగ్రత్తే. కుట్లు విప్పిన నాటికి గాయపు అంచులకు సొంత బలం చాలా స్వల్పం, కొల్లాజెన్ పోగులు ఇంకా అప్పుడప్పుడే పేరుకుంటుంటాయి; నెలలు గడిచినా ఆ చోటు పాత చర్మపు బలంలో దాదాపు 80 శాతానికి మించి చేరదు. పొట్ట మీద పెద్ద ఆపరేషన్ జరిగినవారిని కుట్లు ఊడిన తరువాత కూడా కనీసం ఆరు వారాల దాకా నీళ్ల బిందె, బియ్యం మూట ఎత్తవద్దని వైద్యులు చెప్పడానికి కారణం అదే.